గోడ మీద లేని కాగితం

ప్రశ్న: నేను న్యాయశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. మా అన్నయ్య సైన్యంలో అధికారిగా శిక్షణ పొందుతున్నాడు. ఇరాక్‌లో అమెరికన్ సైనికులు ఖైదీలను హింసించిన అబూ గ్రైబ్ జైలు గురించి మా తరగతిలో పాఠం జరిగిన రోజు రాత్రి ఇద్దరం ఫోనులో గట్టిగా వాదించుకున్నాం. ఖైదీలను కాపాడే యుద్ధ చట్టాలు యుద్ధం చూడనివాళ్లు రాసినవి, అసలు లోపం వాటిలోనే ఉంది అంటాడు అన్నయ్య. చట్టాలన్నీ ఉన్నాయి, అమలు చేసేవాళ్లే లేరు అంటాను నేను. మాటా మాటా పెరిగింది. పది రోజులుగా మాట్లాడుకోవడం లేదు. మా ఇద్దరిలో ఎవరి మాట సరైనది? అమలే లేనప్పుడు ఈ చట్టాలు చదివి నాకు ప్రయోజనం ఏమిటి?
ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ పది రోజుల మౌనం. ఖైదీ మీద చెయ్యి చేసుకోకూడదన్న విషయంలో మీ అన్నాచెల్లెళ్లకు తేడా లేదు. తప్పు ఎక్కడ పుట్టిందన్న దగ్గరే పేచీ వచ్చింది. ఒకే పక్షాన ఉన్నవాళ్లు ఇలా ఎడమొహం పెడమొహంగా ఉండటం నాకు నచ్చలేదు. అందుకే నాన్చకుండా చెప్పేస్తాను. మీ మాటే నిజానికి దగ్గరగా ఉంది. అయితే అమలు అనగానే మీకు జైలు గదిలో నిలబడ్డ కాపలాదారు కనిపిస్తున్నట్టున్నాడు. నాకు అంతకు ఏడాదో రెండేళ్లో ముందు, ఆ జైలుకు వేల మైళ్ల దూరంలో, బల్ల ముందు కూర్చుని ‘ఈ మనుషులకు ఆ చట్టం వర్తించదు’ అని రాసిన చెయ్యి కనిపిస్తుంది. అమలు చెడిపోవడం అక్కడ మొదలవుతుంది. మీ అన్నయ్య మాటలో ఉన్న నిజం కూడా అక్కడే దొరుకుతుంది.

ముందు చట్టం సంగతి. లోపం దానిలోనే ఉందనేవాళ్లలో చాలామంది దాన్ని తెరిచి చూసి ఉండరు. 1949 ఆగస్టు 12న కుదిరిన మూడో జెనీవా ఒప్పందం యుద్ధ ఖైదీలది. 143 అధికరణలు. పట్టుబడ్డ సైనికుడు చెప్పి తీరవలసినవి పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య, అంతే అంటుంది 17వ అధికరణ. అంతకుమించి రాబట్టడానికి శరీరాన్ని గానీ మనసును గానీ హింసించకూడదు, ఏ రకంగానూ బలవంతపెట్టకూడదు. చెప్పనన్నవాణ్ని బెదిరించకూడదు, అవమానించకూడదు. ఖైదీని జనం కళ్లకు వినోదంగా మార్చడాన్ని 13వ అధికరణ అడ్డుకుంటుంది. రెడ్‌క్రాస్ ప్రతినిధులు శిబిరానికి వెళ్లి, పక్కన ఎవరూ లేకుండా ఖైదీతో ఏకాంతంగా మాట్లాడవచ్చునని 126వ అధికరణ చెబుతుంది. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది 41వ అధికరణ. ఒప్పందంలోని మాటలను ఖైదీల సొంత భాషలో, వాళ్లు చదువుకోగలిగిన చోట, ప్రతి శిబిరంలోనూ అంటించి ఉంచాలి అంటుందది. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

యుద్ధం చూడనివాళ్లు రాశారన్న మాట మాత్రం మీ అన్నయ్య వెనక్కి తీసుకోవాలి. ఆధునిక యుద్ధ నియమాలకు తొలి రూపం అనదగ్గది 1863లో, అమెరికా అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ ప్రభుత్వం తన సైన్యానికి ఇచ్చిన నియమావళి. సైనిక అవసరం పేరుతో క్రూరత్వం తగదనీ, నేరం ఒప్పించడానికి హింస పెట్టకూడదనీ అందులో ఉంది. దాన్ని రాసిన ఫ్రాన్సిస్ లీబర్ పిల్లవాడిగా ప్రష్యా సైన్యంలో చేరి, 1815లో నెపోలియన్ మీద పోరులో తీవ్రంగా గాయపడ్డవాడు. అంతర్యుద్ధంలో ఆయన కొడుకులు చెరో పక్షాన పోరాడారు. దక్షిణాది పక్షాన పోరాడిన కొడుకు చనిపోయాడు. ఉత్తరాది పక్షాన ఉన్న మరో కొడుకు చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ తండ్రి రాసిన నియమాలు అవి. ఇక 1949లో జెనీవాలో కూర్చున్న దేశాల వెనక రెండో ప్రపంచ యుద్ధమే ఉంది.

ఆ యుద్ధం నుంచి మీకొక ఉదాహరణ చెప్పాలి. ఈ ప్రశ్నకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు. జర్మనీ 1929 నాటి జెనీవా ఒప్పందానికి కట్టుబడ్డ దేశం. సోవియట్ యూనియన్ దాని మీద సంతకం చేయలేదు. జర్మనీ చేతికి చిక్కిన బ్రిటిష్, అమెరికన్ ఖైదీలలో నూటికి నలుగురైదుగురు మినహా ప్రాణాలతో ఇంటికి చేరారు. అదే జర్మనీ చేతికి చిక్కిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షల మంది. వాళ్లలో సుమారు 33 లక్షల మంది చనిపోయారు. ముళ్లకంచె వేసిన ఖాళీ మైదానాలలో, కప్పు లేక, తిండి లేక, మొదటి చలికాలం దాటకుండానే లక్షల మంది రాలిపోయారు. సైన్యం ఒకటే, సంవత్సరాలు అవే. కాపలాదారు స్వభావమే కారణమైతే రెండు చోట్లా ఒకలాగే జరగాలి కదా?

సోవియట్ యూనియన్ సంతకం లేకపోవడమే కారణం, అంటే చట్టంలోని కంత కారణం అని మీ అన్నయ్య అనవచ్చు. ఆ వాదన ఆనాడే జర్మన్ సైన్యం లోపలే చర్చకు వచ్చింది. సంతకం లేకపోయినా అంతర్జాతీయ న్యాయంలోని సాధారణ సూత్రాలు వర్తిస్తాయని, నిరాయుధుణ్ని చంపడం, గాయపరచడం సైనిక సంప్రదాయానికే విరుద్ధమని సైనిక గూఢచార విభాగం అధిపతి అడ్మిరల్ కనారిస్ 1941 సెప్టెంబరులో రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపాడు. ఆ కాగితం మీద జర్మన్ సైన్య అత్యున్నత కమాండ్ అధిపతి ఫీల్డ్ మార్షల్ కైటెల్ రాసిన జవాబు, యుద్ధం తర్వాత నాజీ నేతలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టులో సాక్ష్యమైంది. ఈ అభ్యంతరాలు వీరోచిత యుద్ధం అనే పాత భావన నుంచి వచ్చినవి, ఇక్కడ మనం చేస్తున్నది ఒక సిద్ధాంతాన్ని నాశనం చేయడం, కాబట్టి ఈ చర్యలను నేను ఆమోదిస్తున్నాను అన్నది దాని సారాంశం. చట్టం ఏం చెబుతుందో తెలియక జరిగిన పని కాదిది. సాటి అధికారి విడమరచి చెప్పాక, తెలిసి తెలిసీ ఒక జనసమూహాన్ని చట్టం గడప బయటికి నెట్టారు. ‘రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా’ అని మనవాళ్లు ఊరికే అనలేదు.

1949లో చట్టం పరిధిని మరింత పెంచారు. నాలుగు ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణ అంతర్యుద్ధాల్లో సైతం పట్టుబడ్డవారిని హింసించకూడదని, వ్యక్తి గౌరవానికి భంగం కలిగించకూడదని చెప్పింది. చట్టం తరఫు నుంచి చేయవలసింది చాలావరకు అయిపోయింది. యాభై ఏళ్లు తిరిగాక, కూల్చలేని గోడకు పక్కనుంచి దారి వెతికారు. 2002 ఫిబ్రవరి 7న అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, అల్‌ఖైదా, తాలిబన్ నిర్బంధితులకు ఆ 3వ అధికరణ వర్తించదని నిర్ణయించాడు. వారిని మానవత్వంతోనే చూడాలి అని కూడా అదే ఆదేశంలో ఉంది. దాని పక్కనే ‘సైనిక అవసరానికి తగిన మేరకు’ అన్న అర్థం వచ్చే షరతు తగిలించారు. చట్టం చదువుతున్నవారు కాబట్టి ఆ షరతు దగ్గర మీరు ఆగి ఆలోచించాలి. అది వచ్చి చేరాక మానవత్వం కాస్తా కొలతలు వేసుకునే సరుకైపోయింది.

ఆ తర్వాత వచ్చినవన్నీ కొలతలే. 2002 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ న్యాయవాదులు చిత్రహింస అన్న మాటకే కొత్త అర్థం రాశారు. అవయవం పనిచేయకుండా పోయేటంత, లేదా ప్రాణం పోయేటంత నొప్పి ఉంటే తప్ప అది చిత్రహింస కాదన్నారు. డిసెంబరులో, క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోలో ఉంచిన ఖైదీల మీద వాడటానికి కొన్ని పద్ధతులను రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ ఆమోదించాడు. వాటిలో ఒకటి గంటల తరబడి నిలబెట్టడం. నేను రోజుకు 8 నుంచి 10 గంటలు నిలబడే ఉంటాను, దీన్ని 4 గంటలకే ఎందుకు పరిమితం చేశారు అని సంతకం కింద చేత్తో రాశాడు. ఆ ఒక్క వాక్యం కింది ఉద్యోగి చేతికి అందితే ఏమని చదువుకుంటాడు? నౌకాదళ ప్రధాన న్యాయవాది ఆల్బర్టో మోరా పట్టుబట్టి ఎదురు తిరగడంతో ఆరు వారాలకే ఆ అనుమతిని ఉపసంహరించారు. ఈలోపు ఆ పద్ధతులు మనుషుల వెంట ఆఫ్ఘనిస్తాన్‌కు, అక్కడి నుంచి ఇరాక్‌కు నడిచి వెళ్లాయి. కాగితాన్ని రద్దు చేయవచ్చు, నేర్చుకున్న చేతిని రద్దు చేయలేరు.

ఇప్పుడు మీ తరగతిలో చెప్పిన అబూ గ్రైబ్ దగ్గరికి వద్దాం. ఇరాక్‌లో జెనీవా ఒప్పందాలు వర్తిస్తాయని అమెరికా బహిరంగంగానే ఒప్పుకుంది. కాబట్టి అక్కడ లోపం చట్టానిది అనడానికి వీలులేదు. ఆరేడు వేల మంది ఖైదీలు, చాలీచాలని కాపలా బలగం. ఒక దశలో సుమారు 75 మంది ఖైదీలకు ఒక్క కాపలాదారు ఉన్నాడని తర్వాత జరిగిన ఒక విచారణ తేల్చింది. ప్రశ్నించే పద్ధతుల మీద 2003 సెప్టెంబరు 14న ఒక ఆదేశం వచ్చింది, అక్టోబరు 12న దాన్ని మారుస్తూ మరొకటి వచ్చింది. కొందరు ఖైదీల పేర్లు చిట్టాలోకే ఎక్కలేదు. రెడ్‌క్రాస్ బృందం కంటపడకుండా వారిని ఒకచోటి నుంచి మరోచోటికి తిప్పారు. అలా పేరు లేకుండా ఉంచిన ఒకరు 2003 నవంబరులో ప్రశ్నిస్తుండగానే చనిపోయారు. అక్టోబరులోనే రెడ్‌క్రాస్ ప్రతినిధులు చీకటి గదుల్లో బట్టల్లేకుండా ఉన్న మనుషులను కళ్లారా చూసి, పర్యటన ఆపేసి, ఇదేమిటని అడిగారు. ప్రశ్నించే పనిలో ఇదొక భాగం అని అక్కడి అధికారి జవాబిచ్చాడు.

41వ అధికరణ గుర్తుందా? పౌర నిర్బంధితుల కోసం నాలుగో ఒప్పందంలోనూ అలాంటిదే ఉంది. 2004 మొదట్లో అబూ గ్రైబ్ మీద విచారణ జరిపిన అమెరికన్ మేజర్ జనరల్ టగూబా రాసిన నివేదికలో ఒక చిన్న అంశం నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ జైలుకు కాపలా కాసిన సైనిక పోలీసు దళం కింద ఉన్న ఏ ఒక్క నిర్బంధ కేంద్రంలోనూ జెనీవా ఒప్పందం మాటలు ఇంగ్లీషులోనూ లేవు, ఖైదీల భాషలోనూ లేవు. అంతకుముందు విచారణలు ఈ లోటును ఎత్తిచూపాక కూడా అంటించలేదు. ఒక కాగితం, నాలుగు మేకులు. అంతకంటే తేలికైన అమలు ఏముంటుంది? కాగితం అంటిస్తే దెబ్బలు ఆగిపోయేవని నేను అనడం లేదు. కానీ దాన్ని అంటించమని అడగడానికి ఒక్క పై అధికారి కూడా ఆ గోడ వంక చూడలేదంటే, ఆ గోడల మధ్య ఇంకేం చూసి ఉంటారు?

చట్టమూ ఉండి, నిర్దిష్టమైన నిషేధమూ ఉండి, దాన్ని మరిచిపోయిన సందర్భం మరొకటి చెప్తాను. దీని గురించి రాయడం నాకు తేలిక కాదు. ఉత్తర ఐర్లాండ్‌లో నిర్బంధితుల మీద బ్రిటిష్ బలగాలు ఐదు పద్ధతులు వాడేవి. తలకు సంచి తొడగడం, గోడకు ఆనించి గంటల కొద్దీ నిలబెట్టడం, ఆగని మోత వినిపించడం, నిద్ర పోనివ్వకపోవడం, తిండీ నీళ్లూ తగ్గించడం. 1972లో ప్రధాని హీత్ పార్లమెంటులో నిలబడి ఇవి ఇక వాడబోమని ప్రకటించాడు. 31 ఏళ్ల తర్వాత, 2003 సెప్టెంబరులో, ఇరాక్‌లోని బస్రాలో బహా మూసా అనే 26 ఏళ్ల హోటల్ రిసెప్షనిస్టును బ్రిటిష్ సైనికులు పట్టుకెళ్లారు. కొంతకాలం ముందే భార్యను పోగొట్టుకున్నవాడు, ఇద్దరు పసిబిడ్డల తండ్రి. నిర్బంధంలో ఉన్న 36 గంటల్లో దాదాపు 24 గంటలు అతని తలకు సంచి ఉంది. చనిపోయాక శరీరం మీద లెక్కపెడితే 93 గాయాలు. అక్కడి ఖైదీలను ఒక కార్పొరల్ వరసగా కొడుతూ, వారి మూలుగులను పాటల బృందం అని పిలిచి, వచ్చిపోయేవారికి వినిపించాడు. వచ్చిపోయేవారు ఉన్నారన్నమాట. విన్నారు, చూశారు, వెళ్లిపోయారు. సైనికుల ఆధ్యాత్మిక అవసరాలు చూసే మతగురువు కూడా ఆ గదికి వెళ్లివచ్చినవారిలో ఉన్నాడు.

బహా మూసా మరణం మీద 2011లో వచ్చిన గేజ్ విచారణ నివేదిక రెండు మాటలు చెప్పింది. ఒకటి, 1972 నాటి నిషేధం రక్షణశాఖ జ్ఞాపకంలోంచే జారిపోయిందని, అది ఆ సంస్థ మొత్తం వైఫల్యమని. రెండోది, చూసినవారిలో చెప్పే నైతిక ధైర్యం లేకపోయిందని. విచారణకు నిలబడ్డ ఏడుగురిలో శిక్ష పడింది ఆ కార్పొరల్ ఒక్కడికే, ఒక సంవత్సరం జైలు.

మీ అన్నయ్య వాదనలో బలం ఎక్కడుందో ఇప్పుడు చెప్పాలి. యుద్ధభూమిలో ఉన్న యువకుడికి ఒప్పందంలోని భాష కంటే పై నుంచి వచ్చే మాట పెద్దది. ఆ మాట మసకగా ఉంటే నిందంతా అతని మీద వేయడం అన్యాయమని అన్నయ్య అంటే, అందులో నిజముంది. ఇయాన్ ఫిష్‌బ్యాక్ అనే అమెరికన్ సైనిక కెప్టెన్ 2005 సెప్టెంబరులో సెనేటర్ జాన్ మెకెయిన్‌కు రాసిన ఉత్తరం ఈ విషయంలో అందరూ చదవదగ్గది. నిర్బంధితులతో చట్టబద్ధంగా, మానవత్వంతో ప్రవర్తించడమంటే సరిగ్గా ఏమిటో చెప్పమని ఆయన 17 నెలలు తన పైవారిని అడిగాడు. స్పష్టమైన, ఒకే తీరు జవాబు రాలేదు. ఆఫ్ఘనిస్తాన్‌లో, ఇరాక్‌లో పనిచేసిన అధికారి, చట్టం పాటిస్తాను, అది ఏమిటో చెప్పండి అని వేడుకోవలసి వచ్చింది. మెకెయిన్ స్వయంగా వియత్నాంలో ఐదున్నర ఏళ్లు ఖైదీగా చిత్రహింసలు అనుభవించినవాడు. అమానుష ప్రవర్తనను నిషేధించే ఆయన సవరణకు ఆ అక్టోబరులో సెనేట్‌లో 90 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 9. ఆ తర్వాత 2006లో వచ్చిన సైనిక కరదీపికలో సంచి తొడగకూడదు, కుక్కలను వాడకూడదు, బట్టలు విప్పించకూడదు, నీళ్లలో ఊపిరాడకుండా చేసే పద్ధతి కూడదు అని పేరు పేరునా రాశారు. అదే ఏడాది జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కూడా 3వ అధికరణ అల్‌ఖైదా ఖైదీలకూ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. కాబట్టి చట్టం రాసే తీరుకు విలువ లేదని మీరు అనకూడదు. ‘మానవత్వంతో’ అన్న మాట గొప్పదే, కానీ అర్ధరాత్రి కాపలాలో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రవాడికి ‘సంచి తొడగకూడదు’ అన్న మాట అక్కరకొస్తుంది.

శిక్షల సంగతి దగ్గర నాకు కోపం ఆగదు. అబూ గ్రైబ్ నేరాలకు 11 మంది సైనికులు దోషులుగా తేలారు. జైలుకు వెళ్లినవారిలో స్టాఫ్ సార్జెంట్ హోదా దాటినవారు ఒక్కరూ లేరు. ఒక బ్రిగేడియర్ జనరల్ హోదా తగ్గించారు. ఆ పద్ధతులకు అనుమతి రాసినవారెవరూ కోర్టు మెట్లు ఎక్కలేదు. కొందరు సైనికులు తమంతట తాము చేసిన పని మాత్రమే కాదు అది అని సెనేట్ సైనిక వ్యవహారాల సంఘమే 2008లో తేల్చినా సరే. కింది వారి నేరాలను అదుపు చేయని పై అధికారి కూడా నేరస్థుడే అన్న సూత్రం చట్టంలో లేక కాదు. 1946లో జపాన్ జనరల్ యమషిటాకు ఆ సూత్రం కిందే మరణశిక్ష అమలు చేశారు, విధించింది అమెరికన్ సైనిక కోర్టే. గెలిచినవాడు ఓడినవాడి మీద వాడిన సూత్రాన్ని తన ఇంట్లో వాడకపోవడం అమలు లోపం కాక మరేమిటి?

చట్టాలు చదివి ప్రయోజనం ఏమిటని అడిగారు. రెడ్‌క్రాస్ 2004లో ప్రచురించిన ఒక అధ్యయనం, పోరాడేవారికి నియమాలు తెలియక అతిక్రమించడం లేదని, తెలిసీ తమకు తాము సాకు చెప్పుకుని అతిక్రమిస్తున్నారని గమనించింది. నీతి బోధ ఒక్కటే సరిపోదు, కఠినమైన ఆదేశం, శిక్షణ, శిక్ష కలిసి రావాలంది. ఆ ‘సాకు’ తయారు చేసేది ఎక్కువగా చదువుకున్నవాళ్లే. 2002లో చిత్రహింసకు కొత్త అర్థం రాసినవాళ్లు మీలాగే న్యాయశాస్త్రం తరగతిలో కూర్చున్నవాళ్లు. దానికి అడ్డం నిలబడ్డ మోరా కూడా అక్కడి నుంచే వచ్చాడు. నేను పాతికేళ్లు ఈ పాఠాలే చెప్పాను, మొదటి వరసలో కూర్చున్న పిల్లల్లో ఎవరు ఏ వైపు వెళతారో నాకెప్పుడూ ముందుగా తెలియలేదు.

మీరు పట్టుకోవలసింది పెద్ద సిద్ధాంతాలను కాదు, ఖైదీల పేర్ల చిట్టాను. 1914లో జెనీవాలో మొదలైన యుద్ధ ఖైదీల సమాచార సంస్థ తయారుచేసిన కార్డులు సుమారు 70 లక్షలు. ఒక్కో కార్డు మీద ఒక మనిషి పేరు. పేరు నమోదైన మనిషిని మాయం చేయడం కష్టం, ఎందుకంటే రేపు ఎవరో వచ్చి ఇతను ఎక్కడ అని అడుగుతారు. ఏ దేశంలో ఏ సంఘర్షణ గురించి చదివినా ముందు ఇవి అడగండి. పట్టుబడ్డవారి పేర్లు రాసుకున్నారా? వారిని ఏ పేరుతో పిలుస్తున్నారు, ఖైదీలనా, ఇంకేదైనా కొత్త మాటతోనా? బయటివారు వెళ్లి ఒంటరిగా మాట్లాడగలిగారా? కొత్త మాట వినబడితే జాగ్రత్తపడండి. ఆ మాటతోనే ఒక మనిషిని చట్టం గడప దాటిస్తారు.

ఇక మీ అన్నయ్య. ఈ రాత్రే ఫోను చేయండి, వాదన గెలవడానికి కాదు. శిక్షణలో ఉన్న మనిషిని అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. నీ పై అధికారి ఖైదీ తలకు సంచి తొడగమంటే, కాదని చెప్పడానికి నువ్వు ఎవరి దగ్గరికి వెళ్లాలో మీకు నేర్పారా, ఆ మనిషి పేరు నీకు తెలుసా అని అడగండి. అబూ గ్రైబ్‌లో ఖైదీల హింసను చూపే ఫొటోలున్న సీడీని 2004 జనవరిలో సైనిక నేర విచారణ విభాగానికి అందించింది జోసెఫ్ డార్బీ అనే కింది స్థాయి సైనికుడు. ఆ ఫొటోల్లో ఉన్న కాపలాదారులు ఆయన తోటివారే. ఎక్కడికి వెళ్లాలో ఆయనకు తెలుసు, అందుకే వెళ్లగలిగాడు. అన్నయ్య ఏమన్నాడో నాకు రాయండి. జవాబు తెలియదంటే, దాన్ని కనుక్కోవడంలో మీ చదువు అతనికి సాయపడుతుంది.